ఉప్పు తాగిన ఇనుము

మొన్నామధ్య గడ్డి ట్రాక్టరు రాసుకుని వెళ్ళి మా అబ్బాయి కారుకు ఎడమవైపు అద్దం ఊడిపోయింది. కొత్తది రావడానికి పదిహేను రోజులు పడుతుందన్నారట. గుడివాడలో పాత కార్లు విప్పి సామాను అమ్మే యార్డు ఒకటుందని, అక్కడ చూద్దామని ఆదివారం పొద్దున మొవ్వ నుంచి బయల్దేరాడు. నేనూ వస్తానన్నాను. "అక్కడేముందమ్మా, ఒట్టి తుప్పు" అన్నాడు. పెళ్ళయిన తొలి మూడేళ్ళూ నేను ఆ తుప్పు మధ్యనే బతికానని వాడికి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. ఆ రోజుల గురించి చెప్పాలంటే మావయ్యగారి గురించి చెప్పాలి, ఆయన గురించి చెబితే నా గురించీ చెప్పుకోవాలి. అది నాకు అంత సులువైన పని కాదు. కారు తీసేలోపు మా కోడలు మంచినీళ్ళ సీసాలు రెండు తెచ్చి లోపల పెట్టింది. ఈ మధ్య మా ఇంట్లో అందరూ నీళ్ళు తెగ తాగుతున్నారు. ఎండల వల్లేననుకున్నాను. అంతకుముందెప్పుడో పులుసులో ఉప్పు ఎక్కువైందని మా అబ్బాయి అంటే, నలభై ఏళ్ళుగా వండుతున్నదానికి నువ్వు ఉప్పు కొలత నేర్పుతావా అని కసిరాను. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

యార్డు చూసుకునే అతనికి ముప్ఫై ఏళ్ళుంటాయి. బండి కాగితం మీదున్న నంబరు ఫోనులో కొట్టాడు. మా అబ్బాయి కుప్పలోంచి ఏరి పట్టుకున్న అద్దాన్ని చూసి, "అది మీ బండికి కూర్చోదండీ, తర్వాత వచ్చిన మోడల్‌ది. దానికి లోపల అయిదు వైర్లుంటాయి, మీదానికి మూడే" అన్నాడు. వెనక షెడ్డులోంచి ఇంకొకటి తెచ్చి, ఊడిన ముక్క పక్కన పెట్టి, స్క్రూ కంతలు ఒకదానికొకటి సరిపోయాయని చూపించాడు. మొత్తం అయిదు నిమిషాల పని. మావయ్యగారయితే ఇదే సంగతి తేల్చడానికి పూట పట్టేది. పనివాడేనని మనసులో మెచ్చుకుంటూ పక్కకు చూశాను. గోడవారగా నల్లరంగు పూసిన ఇనప కడ్డీలు పడేసి ఉన్నాయి. రెండు చివర్లా మరలున్న కడ్డీలు. కారు ముందు చక్రాలు రెండింటినీ కలిపి, ఒకటి ఎటు తిరిగితే రెండోది అటే తిరిగేలా పట్టుకుని ఉండేది అదే. టై రాడ్డు అంటారు. మా అబ్బాయి డబ్బులిచ్చి వచ్చేదాకా అక్కడే ఒక పాత సీటు మీద కూర్చుండిపోయాను.

మావయ్యగారి కొట్టు బందరులో, బస్టాండు వెనక వీధిలో ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. రెండింటికీ మధ్య ఒక గుమ్మం, గుమ్మానికి ముదురు నీలం కర్టెను. కర్టెనుకు అవతల కిరసనాయిలు, గ్రీజు, బీడీ పొగ. ఇవతల ఇంగువ పోపు, అత్తయ్యగారి తల్లోని మల్లెపూలు. గిలకలదిండి రేవు వైపు నుంచి గాలి వీస్తే ఎండుచేపల వాసన వచ్చి ఈ రెండింటినీ కలిపేసేది. కొట్టులో గోడల నిండా మేకులు, మేకులకు బేరింగులు, బెల్టులు, నాకు పేర్లు తెలియని చక్రాలు. గుమ్మం పక్కన ఒక పొడుగు బల్ల. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆ బల్ల మీద ఇద్దరు ముగ్గురు ట్యాక్సీ డ్రైవర్లు కూర్చుని ఉండేవారు. అవనిగడ్డ నుంచి, నాగాయలంక నుంచి, మొవ్వ నుంచి వచ్చేవారు. వాళ్ళలో సగంమంది ఆయన దగ్గర కొనడానికి వచ్చినవాళ్ళు కాదు. గుడివాడలోనో బెజవాడలోనో పాత సామాను చూసి, నచ్చితేనే ఉంచుకుంటామని చెప్పి తెచ్చి, ఆయనకు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు. ఆయన సరేనంటే బిగించుకునేవారు. తల అడ్డంగా ఊపితే మారుమాట లేకుండా తిరిగి ఇచ్చేసేవారు. అలా చూసినందుకు ఆయన ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవారు కాదు.

ఆయన మొదట అడిగే మాట ఒకటే: "పాత ముక్క తెచ్చావా?" తేకుండా వచ్చినవాడితో ఇక మాట్లాడేవారు కాదు. "చెయ్యి చూడకుండా గాజులు కొంటావురా నువ్వు?" అని పంపించేసేవారు. తెచ్చినవాడయితే రెండు ముక్కల్నీ గోనె మీద పక్కపక్కన పడుకోబెట్టేవారు. నూలు దారంతో పొడవు చూసేవారు. పళ్ళ చక్రమయితే పళ్ళను ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు లెక్కపెట్టేవారు. పైకి ఒక్కలాగే ఉన్నా ఒకటి కుడివైపుది, ఇంకోటి ఎడమవైపుది అవుతుందని, ఆ తేడా బిగించేదాకా తెలియదని చెప్పేవారు. మరలున్న వస్తువును వేళ్ళతోనే తిప్పి చూసేవారు, పానా పట్టనిచ్చేవారు కాదు. వేళ్ళతో సాఫీగా తిరగనిదాన్ని పానాతో బలవంతపెడితే మర తెగుతుంది. ఒకదానిలో ఒకటి దూరి కూర్చోవలసిన ముక్కలయితే కర్టెను దగ్గరకు వచ్చి, "అమ్మాయ్, కాస్త కాటుక ఇవ్వు" అనేవారు. అత్తయ్యగారి కాటుక భరిణె అందించేదాన్ని. ఒక ముక్కకు కాటుక పల్చగా రాసి, రెండోదానిలో పెట్టి ఒక్కసారి తిప్పి తీసేవారు. కాటుక అంతటా సమంగా అంటుకుంటే సరిగ్గా కూర్చున్నట్టు. ఒక పక్కనే అంటుకుంటే ఎక్కడో ఒరిగినట్టు. కాపురానికి వచ్చిన కొత్తల్లో, మా ఇంట్లో కాటుక కళ్ళకంటే కార్లకే ఎక్కువ ఖర్చవుతోందని మావారితో అని నవ్వుకున్నాను.

ఇవన్నీ అయ్యాక చివరి పరీక్ష. దానికోసమే జనం అంత దూరం నుంచి వచ్చేవారు. మా ప్రాంతంలో తుఫాను వస్తే సముద్రం ఊళ్ళోకి వస్తుంది. కార్లు రోజుల తరబడి ఆ నీళ్ళలో నానతాయి. తర్వాత వాటిని ఎవరో చవగ్గా కొని, విప్పి, సామానంతా కిరసనాయిలుతో కడిగి, నల్లరంగు పూసి, మంచి సామానులో కలిపేస్తారు. వానకు పట్టిన తుప్పు పైపైనే ఉంటుంది, గీకితే పోతుంది. ఉప్పునీళ్ళు తాగిన ఇనుమును తుప్పు లోపలి నుంచి తింటుంది, పైకి కనిపించదు. ఎంత కడిగినా మరల అడుగున, కంతల మూలల్లో ఉప్పు దాక్కుని ఉంటుంది. మావయ్యగారు ఎడమచేతి చిటికెన వేలికి గోరు పెంచేవారు. ఆ గోటితో కంత అడుగున గీకి, వచ్చిన పొడిని నాలుక చివర పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. బల్ల మీదివాళ్ళు బీడీలు కూడా పీల్చడం మానేసి చూసేవారు. వీధిలోకి ఉమ్మి, నోరు పుక్కిలించి, "వాన తుప్పేలే, తీసుకో" అనేవారు. లేకపోతే, "సముద్రం చూసొచ్చింది, వద్దు" అనేవారు. ఆ మాటకు తిరుగులేదు.

నాది కృత్తివెన్ను దగ్గర ఊరు. మాకు రొయ్యల చెరువులుండేవి. చెరువులో ఉప్పు ఎంతుందో కొలిచే సాధనాలు అప్పటికి మా ఊరికి రాలేదు. మా నాన్నగారు తెల్లారగానే గట్టు మీద గొంతుకూర్చుని, దోసెట్లో నీళ్ళు తీసి, నాలుకకు తగిలించి, ఇవాళ కాలవ నీళ్ళు పెట్టాలో సముద్రపు నీళ్ళు పెట్టాలో చెప్పేవారు. మా అక్కచెల్లెళ్ళకూ అది నేర్పారు. అందుకే మావయ్యగారు నాలుకతో ఇనుమును చూస్తుంటే అందరూ వింతగా చెప్పుకున్నారు గాని నాకు వింత అనిపించలేదు. పుట్టింటి పద్ధతి అత్తింట్లోనూ ఉందని ధైర్యం కలిగింది.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే వానాకాలంలో ఆయనకు పెద్ద జ్వరం వచ్చింది. ఇరవై రోజులు గంజి మీద ఉన్నారు. లేచి తిరగడం మొదలుపెట్టాక ఒక శనివారం నేను పప్పుచారులో ఉప్పు వేయడం మరిచిపోయాను. అత్తయ్యగారిది ఉపవాసం. మావారు గుడివాడ కరెంటాఫీసులో ఉద్యోగానికి పొద్దున రైలుకే వెళ్ళిపోయారు. మావయ్యగారు ఒక్కరే తిన్నారు. "ఇవాళ పప్పుచారు బాగుందమ్మా" అన్నారు. తర్వాత నేను కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే తెలిసింది. కొత్త కోడలు నొచ్చుకుంటుందని అలా అన్నారనుకుని, ఎంత మంచివారో అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. పది రోజుల తర్వాత చేపల పులుసులో అత్తయ్యగారు ఒకసారి, నేనొకసారి ఉప్పు వేశాం. మావారు మొదటి ముద్దకే మొహం చిట్లించి లేచిపోయారు. మావయ్యగారు మారు వడ్డించుకున్నారు. అత్తయ్యగారు ఆయన మంచితనానికి మురిసిపోయారు. నాకు మాత్రం భయం వేసింది. ఎందుకంటే ఆ పొద్దునే ఆయన గోటితో గీకి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక డ్రైవరుకు "వాన తుప్పేలే" అని చెప్పడం కర్టెను వెనక నుంచి విన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన నిద్రపోతున్నారనుకుని కొట్టులోకి వెళ్ళాను. పొద్దున ఆయన బాగుందని చెప్పి, సాయంత్రం తీసుకెళ్తానన్నవాడి కోసం పక్కన పెట్టిన ముక్క ఒకటుంది. దాని కంతలో గీకి నాలుకకు రాసుకున్నాను.

"ఏముందమ్మా?" అన్న మాట వెనక నుంచి వినిపించింది.

"ఉప్పుందండీ" అన్నాను. అబద్ధం చెప్పే వ్యవధి కూడా లేకపోయింది.

ఆయన వచ్చి బల్ల మీద కూర్చున్నారు. "వాడికి వద్దని చెప్పాలి" అన్నారు. తర్వాత, "నీకెప్పటి నుంచి తెలుసు?" అని అడిగారు.

"నిన్నటి పులుసుతోనండీ. అప్పుడు పప్పుచారు రోజు కూడా గుర్తొచ్చింది."

"ఆ రోజు ఉప్పు వేయలేదా?"

"లేదండీ."

ఆయన నవ్వారు గాని ఆ నవ్వు చూడలేక తల దించుకున్నాను. "ఈ కొట్టుకి ఎవరూ బోల్టుల కోసం రారమ్మా. దీనికోసం వస్తారు" అని తన నోటి వైపు వేలు చూపించారు. "రేపో మాపో తిరిగొస్తుందనుకుంటున్నా. మీ అత్తయ్యకి చెప్పకు."

అలా నేను ఆయన నాలుకనయ్యాను. దానికొక పద్ధతి పెట్టుకున్నాం. గోనె మీద చూడవలసినవన్నీ చూశాక ఆయన చేతులు కడుక్కునే నెపంతో ఆ ముక్కను పట్టుకుని పెరట్లోకి వచ్చేవారు. కుళాయి గట్టు మీద పెట్టి మొహం కడుక్కునేవారు. ఆలోగా నేను సూదితో గీకి చూసేదాన్ని. ఆయన ముక్కను తీసుకుని కొట్టులోకి వెళ్ళి, అందరి ముందూ మామూలుగా గోటితో గీకి, నాలుకకు రాసుకుని, కళ్ళు మూసుకునేవారు. నేను కర్టెను పక్కనున్న అరుగు మీద వచ్చినవాడి కోసం గ్లాసు పెట్టేదాన్ని. ముక్క మంచిదయితే మజ్జిగ. ఉప్పు తాగిందయితే మంచినీళ్ళు. ఆయన కళ్ళు తెరిచి, గ్లాసు చూసి, తీర్పు చెప్పేవారు. ఏడాదిపైగా ఒక్క పొరపాటూ జరగలేదు. నాకు గర్వంగా కూడా ఉండేది. ఎక్కడెక్కడి మగవాళ్ళో నా మాట మీద కార్లు నడుపుతున్నారని, అది నా మాటని వాళ్ళకు తెలియదని తలుచుకుని పొయ్యి దగ్గర నాలో నేను నవ్వుకునేదాన్ని. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గు వేస్తుంది.

వీరాస్వామి అని అత్తయ్యగారి పుట్టింటి ఊరి మనిషి. ఆ ఊరు మా జిల్లాలోనే కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. రక్తసంబంధం లేకపోయినా అత్తయ్యగారిని అక్కయ్యా అని, మావయ్యగారిని బావగారూ అని పిలిచేవాడు. ఆ ఊరికంతటికీ ఉన్న ఒక్క అంబాసిడర్ ట్యాక్సీ అతనిదే. ఒక వేసవి పొద్దున గుడివాడ నుంచి టై రాడ్డు తెచ్చాడు. "రేపు పొద్దున్నే అయిదుగురు ముసలాళ్ళని గుడివాడ కంటాసుపత్రికి తీసుకెళ్ళాలి బావగారూ. సగం దూరం కాలవ గట్టే. పాత రాడ్డు ఊగుతోంది, ఇది మార్చకుండా బండి తీయనని చెప్పా" అన్నాడు. కాలవ గట్టు మీద టై రాడ్డు తెగితే చక్రాలు రెండూ చెరో వైపూ తిరుగుతాయి. ఆ సంగతి అప్పటికి నాకు కూడా తెలుసు. మావయ్యగారు దారంతో కొలిచారు. ఒక చివర కుడి మర, రెండో చివర ఎడమ మర ఉన్నాయని చూసుకున్నారు. పాత చివర్లను వేళ్ళతో తిప్పితే వెన్నలోకి వెళ్ళినట్టు వెళ్ళాయి. పెరట్లోకి తెచ్చారు. ఆ కడ్డీ లోపల బోలుగా ఉంటుంది. మర అడుగున సూదితో గీకి నాలుక మీద పెట్టుకున్నాను. మా ఊరి చెరువు నీళ్ళు తాగినట్టే ఉంది.

మంచినీళ్ళ గ్లాసు నింపి పట్టుకుని కర్టెను దగ్గరకు వస్తుండగా, పక్కింటికి వెళ్ళిన అత్తయ్యగారు పెరటి గుమ్మంలోంచి వచ్చారు. వీరాస్వామి గొంతు విన్నారు. నా చేతిలో గ్లాసు చూశారు. "మా ఊరి నుంచి ఎండనపడి వచ్చిన మనిషికి ఒట్టి నీళ్ళిస్తావా?" అని గ్లాసు లాక్కుని మల్లెపాదులో ఒంపేశారు. కుండలోంచి మజ్జిగ తీసి ఉప్పు, అల్లం వేయడం మొదలుపెట్టారు.

"వద్దండీ అత్తయ్యగారూ" అన్నాను.

"ఎందుకు వద్దు?"

ఏం చెప్పను? ఆవిడ మొహం ఎర్రబడింది. "అందరికీ గ్లాసులకి గ్లాసులు పోస్తావు. మా పుట్టింటివాళ్ళు వస్తేనే మజ్జిగ పోయడానికి చేతులు రాలేదా నీకు?" అని, కర్టెను తోసుకుని తనే స్వయంగా తీసుకెళ్ళి వీరాస్వామి చేతికిచ్చారు. మావయ్యగారు కళ్ళు తెరిచారు. మజ్జిగ చూశారు. ఆయన మొహం తేలికపడటం కర్టెను సందులోంచి నాకు కనిపించింది. "నిక్షేపంలా ఉంది వీరాస్వామీ, వెళ్ళి బిగించుకో" అన్నారు.

అరగంట కూర్చున్నాడు వీరాస్వామి. మజ్జిగ తాగుతూ ఊళ్ళో సంగతులు చెప్పాడు. నాకూ అతనికీ మధ్య ఒక గుడ్డ ముక్క, నాలుగడుగుల దూరం. బల్ల మీద ఇంకో ఇద్దరు డ్రైవర్లున్నారు. నేను బయటికి వచ్చి అది ఉప్పు తాగిందని చెబితే, నీకెలా తెలుసని అడుగుతారు. ఆ ప్రశ్న దాకా ఆలోచించి ఆగిపోయాను. మావయ్యగారి పరువు కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, మగవాళ్ళ మధ్యకు వెళ్ళి గొంతెత్తడానికి భయపడ్డాను. పరువన్న మాట ఆ భయానికి పనికొచ్చింది. అతను రాడ్డు భుజాన వేసుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. బల్ల మీది ఇద్దరూ మాత్రం కదల్లేదు. వాళ్ళూ వెళ్ళి, మావయ్యగారు భోజనానికి లేచేసరికి మిట్టమధ్యాహ్నమయింది.

ఆయన మొదటి ముద్ద కలుపుతుంటే చెప్పాను. "అది ఉప్పండీ మావయ్యగారూ."

ఆయన చెయ్యి ఆగింది. "మజ్జిగ పంపావుగా?"

"నేను కాదండీ."

అత్తయ్యగారు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. "ఏమిటిది?" అన్నారు. మావయ్యగారు కంచంలోనే చెయ్యి కడిగేసుకుని, తల ఎత్తకుండా, "నాకు రుచి పోయి ఏడాదిన్నరయిందే. ఇనుము ఈ అమ్మాయి చూస్తోంది" అన్నారు. ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. కొట్టు గురించి గాని, వీరాస్వామి గురించి గాని అడగలేదు. "అయితే ఏడాదిన్నరగా నేనేం వండినా బాగుంది బాగుందని..." అని ఆగిపోయారు. ఆయన లేచారు. చొక్కా తొడుక్కుంటూ నాతో, "నువ్వు కూడా రామ్మా" అన్నారు.

చల్లపల్లిలో బస్సు మారి వెళ్ళాం. దారంతా కాలవ పక్కనే ఉంది. మావయ్యగారు కిటికీ వైపు కూర్చుని నీళ్ళు చూస్తున్నారు. మేం వెళ్ళేసరికి గుడి పక్క సందులో కారు రాళ్ళ మీద ఎత్తి ఉంది. వీరాస్వామి అప్పుడే రాడ్డు బిగించి కారు కింద నుంచి బయటికి వస్తున్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు. మర్నాడు ప్రయాణం చేయవలసిన ముసలివాళ్ళలో ఇద్దరు అరుగు మీద కూర్చుని, తమ కోసం సిద్ధమవుతున్న కారును చూసుకుంటున్నారు.

"ఆ రాడ్డు విప్పెయ్యి వీరాస్వామీ. అది ఉప్పు తాగింది" అన్నారు మావయ్యగారు.

"అదేంటి బావగారూ, మీరేగా పొద్దున బాగుందన్నది?"

"నాకు తెలియడం లేదు." ఆ మాట ఆయన అందరికీ వినబడేలా అన్నారు. "జ్వరం తగిలిన దగ్గర్నుంచీ నా నాలుక పనిచేయడం లేదు. తెలిసినట్టు నటిస్తున్నా. ఉప్పుందని చెప్పింది ఈ అమ్మాయి."

వీరాస్వామి మళ్ళీ కారు కిందకు దూరి రాడ్డు విప్పాడు. రాతి మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. మధ్యలో లొట్టపడి చీలింది. లోపలి నుంచి ఎర్రటి పొడి దోసెడు రాలింది. అరుగు మీది ముసలాయనకు చూపు ఆనదు కాబట్టి, ఏమైందని పక్కవాళ్ళను అడుగుతున్నాడు. వీరాస్వామి నా వైపు తిరిగాడు. అతనికి కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. "నేను అరగంట కూర్చుని మజ్జిగ తాగానే, అప్పుడు నీకు తెలుసా అమ్మా?"

తెలుసునన్నట్టు తల ఊపాను.

"మరి చెప్పకూడదా?"

నేను నోరు తెరవకముందే మావయ్యగారు, "తప్పు నాదిరా. చెప్పనివ్వకుండా ఈ అమ్మాయిని కర్టెను వెనక కూర్చోబెట్టింది నేను" అన్నారు. ఆ మాటతో వీరాస్వామి ఊరుకున్నాడు. నేను మాత్రం ఊరుకోలేకపోయాను, ఇప్పటికీ. కర్టెనును ఎవరూ మేకులు కొట్టి బిగించలేదు. చేత్తో తోస్తే తొలగేది.

మర్నాడు ముసలివాళ్ళు బస్సులో వెళ్ళారు. మావయ్యగారు ఆ కర్టెను తీసేయించి, కొట్టులో బల్ల పక్కన నాకొక కుర్చీ వేయించారు. వచ్చినవాళ్ళందరికీ సంగతి తనే చెప్పేవారు. కొందరు నా చేతికి ముక్క ఇవ్వడానికి మొహమాటపడ్డారు. కొందరు కోడలి నాలుకతో వ్యాపారమా అని వెనక నవ్వారు. మెల్లగా బల్ల ఖాళీ అయింది. మావారికి బదిలీ అయి మేం వెళ్ళిపోయేదాకా దారంతో కొలవడం, కాటుక పూయడం ఆయనా, ఉప్పు చూడడం నేనూ, ఉన్న నలుగురికే చేసిపెట్టాం. అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది ఆ తర్వాతి భోజనాలు. ఆయన ఇక ఎప్పుడూ కూర బాగుందని అనలేదు. మొదటి ముద్ద తిని, "ఇవాళ ఎలా కుదిరిందే?" అని అత్తయ్యగారిని అడిగేవారు. "పులుపు కాస్త ఎక్కువైంది, ఉప్పు సరిపోయింది" అని ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేవారు. ఆయన తల ఊపి, ఆవిడ చెప్పిన రుచితో అన్నం తినేవారు. వాళ్ళిద్దరూ అంత దగ్గరగా మాట్లాడుకోవడం అంతకుముందు నేను చూడలేదు.

ఆ ఆదివారం యార్డులో నేను కూర్చున్నచోటికి పక్కనే, నాగాయలంక నుంచి వచ్చిన డ్రైవరొకతను ఆ టై రాడ్డుల్లో ఒకటి తీసి చూస్తున్నాడు. "నంబరు సరిపోయిందండీ, మీ బండిదే" అన్నాడు యార్డతను. "సరిపోవడం సరేనండీ, ఇది ఏ ఊరి బండిది?" అని అడిగాడు డ్రైవరు. "లారీలో వస్తాయండీ, ఏ ఊరని చెప్పను?" అన్నాడతను, దాపరికం లేకుండానే. ఏ ముక్క ఏ బండికి కూర్చుంటుందో ఫోను మా దారం కంటే, మా కాటుక కంటే బాగా చెబుతుంది. ఆ ముక్క ఎక్కడ నానిందో దానికీ తెలియదు. నేను లేచి, "ఇలా ఇవ్వు బాబూ" అన్నాను. పిన్నీసుతో మర అడుగున గీకి నాలుక మీద పెట్టుకున్నాను. మా అబ్బాయి "అమ్మా, ఏం చేస్తున్నావు?" అంటూ పరుగెత్తుకొచ్చాడు. ఇనుము పొడి గరగరలాడింది, అంతే. ఇంకోచోట గీకాను. రుచి లేదు. కిందటి వానాకాలం నాకొచ్చిన జ్వరం, మా అబ్బాయి ఉప్పెక్కువన్న పులుసు, ఇంటిల్లిపాదీ తాగే నీళ్ళు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"బాగుందా అమ్మా?" అని అడిగాడు డ్రైవరు. బాగుందన్న మాట నాలుక చివరే ఉంది. అది ఎంత సులువుగా వస్తుందో, మావయ్యగారు ఏడాదిన్నరపాటు దాన్ని ఎలా అనగలిగారో నాకప్పుడు అర్థమయింది.

"నాకు తెలియడం లేదు బాబూ. నా నాలుక పోయింది" అన్నాను. "నువ్వే ఇలా గీకి చూసుకో. ఉప్పగా ఉంటే తీసుకోకు."

అతను నా వైపు అనుమానంగా చూసి, తాళంచెవితో గీకి, నాలుకకు తగిలించుకున్నాడు. వెంటనే పక్కకు ఉమ్మేసి, రాడ్డును తిరిగి కుప్పలో పడేశాడు.

రాత్రి భోజనాల దగ్గర నేను వండిన వంకాయ కూర అందరూ తింటున్నారు. మా కోడలు నీళ్ళ చెంబు అందుకోబోయింది. "ఇవాళ కూర ఎలా కుదిరిందమ్మా?" అని అడిగాను. తను మా అబ్బాయి వైపు చూసింది. "వాడినేం చూస్తావు, నాకు చెప్పు" అన్నాను.

"ఉప్పు ఎక్కువైందండీ అత్తయ్యగారూ" అంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"దసరా నుంచండీ" అంది.

ఉప్పు డబ్బా తీసి తన పక్కన పెట్టాను.